నాలుగో గుంట, బుధవారం

మా వీధిలో నాలుగో నంబరు ఇల్లు లేదు. మూడు తర్వాత మూడున్నర, దాని తర్వాత ఐదు. ఆ మూడున్నర మాదే. గుమ్మం పక్కన నీలం రేకు మీద తెల్లటి అంకెలతో అలాగే రాసి ఉంటుంది. కొత్తగా వచ్చిన పోస్ట్‌మాన్ ఎవరైనా మొదటి రోజు ఆ రేకు ముందు నిలబడి బుర్ర గోక్కుంటాడు. రెండో రోజు ఎవరో ఒకరు ఆయన చెవిలో ఊదుతారు. మూడో రోజు నుంచి ఉత్తరాలు కిటికీలోంచి పడేసి, గుమ్మం తొక్కకుండా పోతాడు.

వీధంతా మిల్లు వాళ్లదే. గంజిపొడి మిల్లు. దుంపలు కడిగి, నలిపి, ఆ పాలను తొట్లలో కదపకుండా ఉంచితే తెల్లటి పొడి అడుక్కి దిగుతుంది. దాన్ని ఎండబెట్టి బస్తాలకెత్తి నేత మిల్లులకూ ఇస్త్రీ దుకాణాలకూ పంపుతారు. మిగిలిన నీళ్లు మిల్లు వెనకున్న నాలుగు గుంటల్లోకి పోతాయి. మొదటి మూడూ నడుము లోతువి. నాలుగోది రెండు నిలువుల లోతు. దానికి ఇనుప మూత, లోపలికి దిగడానికి ఇనుప నిచ్చెన ఉన్నాయి. అక్కడ మడ్డి పేరుకుని పులుస్తూ ఉంటుంది. ఆ పులిసిన వాసన మా బట్టల్లో, జుట్టులో, దిండ్లలో కూడా ఉంటుంది. పరాయివాళ్లు ముక్కు మూసుకుంటేనే అది మాకు గుర్తొస్తుంది.

ఆ మిల్లులో నేను హాజరు గుమస్తాని. ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు, ఎవరు ఆలస్యంగా వచ్చి అబద్ధం చెప్పారు, అన్నీ నా పుస్తకంలో ఉంటాయి. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని అందరూ అంటారు. ఉంటుంది మరి. తెల్లారిన దగ్గర్నుంచి పిల్లి ఎదురొచ్చిందని ఒకడూ, ఎవరో తుమ్మారని ఇంకొకడూ ఆలస్యంగా వచ్చి నా బల్ల ముందు చేతులు కట్టుకుని నిలబడుతుంటే ఎవరికి మాత్రం రాదు?

అన్నిటికన్నా పెద్ద చాదస్తం బుధవారం. బుధవారం నాడు నాలుగో గుంట మూత తీయరు. అక్కడితో ఆగితే బాగానే ఉండేది. ఆ భయం గుంట దాటి ఇళ్లలోకి పాకింది. బుధవారం కొత్త చొక్కా తొడగరు, ప్రయాణం కట్టరు. బల్ల మీద నలుగురు కూర్చోవాల్సి వస్తే ఒకడు లేచి నిలబడతాడు. మా అమ్మయితే ఏం లెక్కపెట్టినా "ఒకటి, రెండు, మూడు, ఇంకోటి, ఐదు" అంటుంది. మా తమ్ముడు చిన్నప్పుడు అంకెలు అమ్మ దగ్గరే నేర్చుకున్నాడు. బళ్లో పంతులమ్మ ముందు "ఇంకోటి" అని చదివి దెబ్బలు తిని వచ్చాడు. ఆ రోజు నేను అమ్మతో పెద్ద గొడవ పెట్టుకున్నాను.

గొడవైతే పెట్టుకున్నాను గానీ, అమ్మనేం అనగలను? నాలుగో గుంటలో పోయింది మా నాన్నే.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. తమ్ముడింకా అమ్మ కడుపులో ఉన్నాడు. ఆ రోజుల్లో మడ్డి తీయడానికి మనిషే దిగాలి. ఒక బుధవారం పొద్దున నాన్న బకెట్టు పట్టుకుని దిగాడు. పైన ఉన్నవాళ్లు పిలిస్తే పలకలేదు. కొక్కెంతో లాగి పైకి తెచ్చారు. ఒంటి మీద గీత కూడా లేదు. నిద్రపోతున్నట్టే ఉన్నాడని అందరూ అన్నారు. నాకు మాత్రం అలా అనిపించలేదు. నాన్న నిద్రపోతే నోరు తెరుచుకుని గురక పెట్టేవాడు. ఆయనకు ముందు కూడా ఇద్దరు అక్కడే, అలాగే, బుధవారం నాడే పోయారని పెద్దవాళ్లు గుర్తు చేసుకున్నారు. దాంతో ఇంక అడగడానికేం లేకపోయింది. గుంటలో ఏదో ఉంది, బుధవారం నాడు దానికి మనిషి కావాలి, అంతే.

తర్వాత కంపెనీ వాళ్లు గుంట అడుగున పంపు, మడ్డిని కలియదిప్పే తెడ్డు పెట్టించారు. పంపు చెడితే గొలుసుతో పైకి లాగేవారు. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఆ నిచ్చెన మీద ఎవరూ కాలు పెట్టలేదు.

అమ్మ మాత్రం ప్రతి బుధవారం మధ్యాహ్నం సైరన్ మోగగానే వీధి తలుపు ఓరగా తీసి, దానికెదురుగా స్టూలు వేసుకుని కూర్చుంటుంది. "ఆ రోజే వెళ్లాడు, వస్తే ఆ రోజే వస్తాడు" అంటుంది. దీపాలు పెట్టే వేళ దాకా కూర్చుని, లేచి తలుపేసి వంట మొదలుపెడుతుంది. ఏడుపేం లేదు. బస్సు రాకపోతే ఇంటికి తిరిగొచ్చినట్టే లేస్తుంది.

చిన్నప్పుడు నేనూ ఆమె పక్కన కూర్చునేదాన్ని. ఒక్కోసారి సందు మలుపులో చెప్పుల చప్పుడు వినబడేది. నాన్న ఎడమ కాలు కొంచెం ఈడ్చేవాడు. ఆ చప్పుడు మా గుమ్మం దాకా వచ్చి ఆగేది. తలుపు సందులోంచి పులిసిన వాసన ఒక్కసారిగా లోపలికి కొట్టేది. చూస్తే ఎవరూ ఉండరు. పెద్దయ్యాక అదంతా నా ఊహే అని నాకు నేనే చెప్పుకున్నాను. వాసన మిల్లుది, చెప్పులు ఎవరివో. అయినా ఈ రోజుకీ బుధవారం సాయంత్రం ఇంట్లో ఉంటే గుమ్మానికి వీపు పెట్టి కూర్చుంటాను. నమ్మకం లేదంటూనే వీపు తిప్పుకునేదాన్ని నేనొక్కదాన్నే అయి ఉంటాను.

ఈ ఏడాది వానలు తగ్గాక ఒక మంగళవారం పంపు ఆగిపోయింది. లాగబోతే గొలుసు తెగింది. ఇంక మనిషి దిగి పంపుకి కొత్త గొలుసు తగిలించడం తప్ప దారి లేదు. మిల్లులో పంపుల మెకానిక్ ఒక్కడే. వాడు మా తమ్ముడు.

వాడికి భయం లేదు. రేపే దిగుతానన్నాడు. రేపంటే బుధవారం. పెద్దమేస్త్రి అడ్డంగా తల ఊపాడు. నాన్నను కొక్కెంతో లాగిన ఇద్దరిలో ఒకడాయన. ఇప్పుడు డెబ్భైకి దగ్గర పడ్డాడు. ఇంట్లో అమ్మ తమ్ముడి చెయ్యి పట్టుకుని వదల్లేదు. మేనేజరు కొత్తవాడు, చదువుకున్నవాడు, చిరాకు పడ్డాడు. ఏం లాభం? బుధవారం నాడు మూత కూడా తీయనివ్వలేదు. గురువారం మొదలుపెట్టి పైనుంచి బకెట్లతో నీళ్లు తోడారు. అది మూడు రోజుల పని. శనివారం చీకటి పడే వేళకి మోకాలి లోతు మడ్డి మాత్రం మిగిలింది. ఆదివారం సెలవు. మూత వేసి, సోమవారం పొద్దున్నే దిగుదామని అనుకున్నారు.

"సోమవారం అయితే నాకు ఏ భయమూ లేదు" అని అమ్మ ఆ రాత్రి కడుపునిండా తింది.

బుధవారం ఒక రోజు పోయిందన్న కోపం మేనేజరుకి తగ్గలేదు. పాత హాజరు పుస్తకాలు తీసి, ఈ బుధవారం కథలో నిజమెంతో చూసి చెప్పమన్నాడు. నాకూ సరదాగానే అనిపించింది. ఆ ముగ్గురిలో ఇద్దరైనా ఏ శుక్రవారమో శనివారమో పోయి ఉంటారని, ఈ జనం గోరంతని కొండంత చేశారని, ఆ కాగితం నోటీసు బోర్డు మీద నా చేత్తో అంటించొచ్చని అనుకున్నాను.

సోమవారం పొద్దున సైరన్ మోగకముందే వెళ్లి బీరువా తెరిచాను. పుస్తకాల అంచులు పురుగులు కొట్టేశాయి. మొదటివాడు బుధవారం. రెండోవాడు బుధవారం. మూడో పుస్తకం తీయడానికి కాసేపు పట్టింది. అందులో నాన్న పేరు ఎక్కడుంటుందో నాకు తెలుసు. ఇరవై ఏళ్లుగా ఆ గదిలో పని చేస్తూ ఆ పుస్తకం ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. తెరిచాను. బుధవారం గడిలో సగం హాజరు గీత ఉంది. ఆ తర్వాత గళ్లన్నీ ఖాళీ.

ఇంతకాలం నేను నవ్విందే నిజమన్నమాట. గుంటకి నిజంగానే ఒక వారం ఉందన్నమాట. గదిలో నాతో పాటు ఇంకెవరో ఉండి, నా భుజం మీదుగా ఆ గడినే చూస్తున్నట్టు అనిపించింది. వెనక్కి తిరగలేదు. కళ్లు పుస్తకం మీదే ఉంచాను. అందుకే పక్క గడి కనబడింది.

బుధవారానికి ముందు గడి అందరికీ ఖాళీయే. పై నుంచి కిందికి ఒకే ఎర్ర గీత, దాని మీద "సెలవు" అని ఉంది. మిగతా రెండు పుస్తకాలూ చూశాను. అక్కడా మంగళవారం మీద ఎర్ర గీతే.

అప్పుడు గుర్తొచ్చింది. నాన్న నాకు జడ వేసేది మంగళవారాలే. అల్లడం రాక మెలి తిప్పి రిబ్బను చుట్టేసేవాడు. ఆ జడతో బడికి వెళ్తే అందరూ నవ్వేవాళ్లు. అయినా విప్పేదాన్ని కాదు. అప్పట్లో మిల్లుకి సెలవు మంగళవారం. నాన్న పోయిన రెండేళ్లకి యజమాని మారి, దాన్ని ఆదివారానికి మార్చాడు.

సెలవు రోజున మూత వేస్తారు. లోపల నీళ్లు కదలవు, గాలి ఆడదు, మడ్డి పులుస్తూనే ఉంటుంది. మర్నాడు పొద్దున మూత తీసినవాడు అక్కడే వంగి సిగరెట్టు ముట్టించబోతే అగ్గిపుల్ల గీసీగీయగానే ఆరిపోతుంది. "గుంటకి ఇంకా సెలవు మత్తు దిగలేదు" అని మావాళ్లు ప్రతి సోమవారం వేసుకునే జోకు. సోమవారం తప్ప ఇంకే రోజూ ఆ జోకు వేయరు. నేనూ ఎన్నోసార్లు నవ్వాను.

సెలవు కదిలి ఆదివారానికి వచ్చింది. చావు దాని వెంటే వచ్చి సోమవారం మీద కూర్చుంది. మా భయం మాత్రం కదలకుండా బుధవారం దగ్గరే ఉండిపోయింది.

సైరన్ మోగింది. నేను పరుగెత్తాను. పొడి ఆరబెట్టే షెడ్డులోంచి అడ్డంగా పోతే దగ్గర. అక్కడ నేలంతా తెల్లటి నునుపు. జారి మోకాళ్ల మీద పడ్డాను, లేచాను. నాలుగో గుంట దగ్గరికి వచ్చేసరికి మూత తీసి ఉంది. ఇద్దరు మనుషులు కొత్త గొలుసు పట్టుకుని నిలబడ్డారు. తమ్ముడు దిగాక అందించడానికని పెద్దమేస్త్రి లాంతరుకి తాడు కడుతున్నాడు. తమ్ముడు నిచ్చెన మీద నడుము దాకా దిగి ఉన్నాడు.

"పైకి రా" అన్నాను. "నిన్న సెలవు. లోపల గాలి చెడిపోయి ఉంటుంది. రా పైకి."

"అక్కా, ఇవాళ సోమవారం" అన్నాడు, చిన్నపిల్లకి చెప్పినట్టు.

పెద్దమేస్త్రి వైపు తిరిగి పుస్తకాల సంగతి, ఎర్ర గీత సంగతి మొదలుపెట్టాను. ఆయన తాడు ముడి బిగిస్తూనే, అదంతా తీరిగ్గా మధ్యాహ్నం చెప్పమన్నాడు. గొలుసు పట్టుకున్నవాళ్లలో ఒకడు నా మోకాళ్ల మీది పొడి చూసి నవ్వాడు. నిజం వాళ్లకి అర్థమయ్యేలా చెప్పాలంటే నేను ముప్ఫై ఒక్క ఏళ్ల కిందటి మంగళవారం దగ్గర మొదలుపెట్టాలి. నేను రెండు మాటలు చెప్పేలోగా తమ్ముడు రెండు మెట్లు దిగాడు. ఇప్పుడు తల మాత్రమే కనబడుతోంది. తల మీద అమ్మ పొద్దున దువ్విన పాపిడి.

"నాన్న ఉన్నాడు కింద" అన్నాను.

వాడు ఆగాడు.

"నీ కాళ్ల దగ్గరే నిలబడ్డాడు. రావద్దని చెయ్యి ఊపుతున్నాడు."

నా గొంతు నాది కాదేమో అనిపించేంత నెమ్మదిగా వచ్చింది. తమ్ముడు కిందికి చూడలేదు, నా వైపే చూస్తూ ఒక్కో మెట్టే ఎక్కి వచ్చాడు. పైకొచ్చాక తల దిమ్ముగా ఉందని నేల మీద కూర్చున్నాడు. వాడి పెదాలు పాలిపోయి ఉన్నాయి.

నాన్నను చూడాలని పెద్దమేస్త్రి లాంతరు కిందికి దించాడు. నాలుగు మెట్ల దాకా బాగానే వెలిగింది. ఆ తర్వాత మంట చిన్నదై, ఇంకా చిన్నదై, ఆరిపోయింది. పైకి లాగి ముట్టించి మళ్లీ దించాడు. మళ్లీ అక్కడికొచ్చేసరికే ఆరిపోయింది. ఆయన తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని గుంట అంచున చాలాసేపు నిలబడ్డాడు.

మధ్యాహ్నం అందర్నీ కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. పుస్తకాలు చూపించాను. పులిసిన మడ్డి వదిలే గాలి మామూలు గాలికన్నా బరువని, కదిలించకపోతే అడుగునే కూర్చుంటుందని, అందులో దీపమూ బతకదు, మనిషీ బతకడని చెప్పాను. నాన్న కనబడలేదు, తమ్ముణ్ణి ఆపడానికి అలా అన్నానని కూడా చెప్పబోయాను. తమ్ముడు ఎదురుగానే కూర్చుని ఉన్నాడు. వాడి ముఖం చూసి ఆ ఒక్క ముక్కా మింగేశాను.

అందరూ తలలూపారు. పెద్దమేస్త్రి కూడా ఊపాడు.

"గాలేనమ్మా, కాదనను" అన్నాడు. "కానీ ఇన్నేళ్లు ముట్టుకోని పుస్తకం ఇవాళే ఎందుకు తెరిచావు? తెరిపించిందెవరు?"

మేనేజరు తెరవమన్నాడని చెప్పాలి. నోటిదాకా వచ్చింది. పొద్దున నా భుజం వెనక నిలబడింది మాత్రం మేనేజరు కాదు.

మూత తీసి ఉంచి, పైనుంచి మడ్డి కదిలించి, గురువారం లాంతరు అడుగున నిలకడగా వెలిగాకే తమ్ముడు దిగాడు. పావుగంటలో గొలుసు తగిలించి వచ్చాడు. సెలవు మర్నాడు ఏ గుంటలోకీ దిగరాదని, ఏ రోజైనా దీపం దించి చూశాకే దిగాలని నేను నోటీసు రాసి అంటించాను. సెలవు మారితే ఈ రోజూ మారుతుందని కింద ఎర్ర సిరాతో గీత గీసి మరీ రాశాను. మర్నాటికి దాని పక్కన గోడ మీద ఎవరో సుద్దముక్కతో "సోమవారం కూడా" అని రాశారు. నా నోటీసు ఎవరు చదివారో తెలీదు గానీ ఆ సుద్ద రాత అందరికీ వచ్చు. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయమన్నారు పెద్దలు. నేను ఒక్క అబద్ధంతో ఒక ప్రాణం నిలబెట్టాను, తక్కువేం కాదు. కానీ ఇంకో ముప్ఫై ఏళ్లకి సెలవు శుక్రవారానికి మారిస్తే, సోమవారం పేరు చెప్పి ఎవడి కొడుకునో శనివారం దించుతారు. అది తలుచుకుంటే నాకు నిద్ర పట్టదు.

ఆ సోమవారం సాయంత్రం నేనూ తమ్ముడూ కలిసే ఇంటికి నడిచాం. సందు మలుపు దగ్గర వాడు నా పక్కకి జరిగాడు.

"ఎలా ఉన్నాడక్కా?" అన్నాడు.

వాడు నాన్నని చూడలేదు. ఇంట్లో ఉన్న ఒక్క ఫొటోలో నాన్న పదిమంది వెనక నిలబడి ఉంటాడు, ముఖం సగమే కనబడుతుంది.

"నీ ఎత్తే" అన్నాను.

"నా వైపే చూశాడా?"

"నీ వైపే."

వాడు తల పక్కకి తిప్పుకున్నాడు. ముప్ఫై ఏళ్లు దాటిన మగవాడు వీధిలో ముక్కు చీదుకుంటూ నడిచాడు. నేను పక్కన ఒక దొంగలా నడిచాను.

కబురు మాకన్నా ముందే ఇంటికి చేరింది. అమ్మ గుమ్మంలోనే ఉంది. ముందు తమ్ముడి తల, చేతులు, వీపు తడిమి చూసుకుంది. వాడు లోపలికి వెళ్లాక నన్ను పట్టుకుంది. ఒకదాని తర్వాత ఒకటి అడిగింది. బట్టలు తడిగా ఉన్నాయా, చిక్కిపోయాడా, కాళ్లకి చెప్పులున్నాయా. నేను అన్నిటికీ ఏదో ఒకటి చెప్పాను. తడిగా లేడన్నాను. చిక్కలేదన్నాను. చెప్పులున్నాయన్నాను. ఆవిడ ముఖం ఒక్కో జవాబుకీ కొంచెం కొంచెం తేరుకుంది.

"నాకెందుకు కనబడలేదే?" అంది చివరికి.

అప్పుడు చెప్పేయాలనే అనుకున్నాను. నోరు తెరిచాను కూడా. చెబితే లోపలున్న వాడికి వినబడుతుంది. తెల్లారేసరికి వీధికి వినబడుతుంది. వచ్చే సోమవారం ఎవడో ఒకడు నవ్వి, నోటీసు చదవకుండా, మూత తీసి దిగుతాడు. నోరు మూసుకున్నాను. అమ్మ నా ముఖంలోకి చూస్తూనే ఉంది. ఏదో లెక్క తేలినట్టు మెల్లగా తల ఊపింది.

"సోమవారం వస్తాడన్నమాట. ముప్ఫై ఒక్క ఏళ్లు తప్పు రోజున కూర్చున్నానే" అంది.

ఆ వారం బుధవారం సైరన్ మోగినా అమ్మ తలుపు తీయలేదు. బట్టలు మడతపెట్టుకుంటూ కూర్చుంది. సోమవారం మధ్యాహ్నం స్టూలు గుమ్మానికెదురుగా వేసుకుని, తలుపు ఓరగా తీసింది. జుట్టు దువ్వుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని ఉంది. నేను మిల్లు నుంచి త్వరగా వచ్చి ఆవిడ పక్కన కింద కూర్చున్నాను, ఈసారి గుమ్మం వైపు తిరిగి. సందు మలుపులో చెప్పుల చప్పుడు వినబడితే అమ్మ నా భుజం మీద చెయ్యి వేసింది. ఎడమ కాలు ఈడుస్తున్నారో లేదో వినడానికి ఇద్దరం ఊపిరి బిగబట్టాం.